పసుపు చుక్క ఎవరు చూడాలి?

మా రోజుల్లో నెట్‌వర్క్ పోయిందంటే ఆఫీసంతటికీ ఒక్కసారే తెలిసేది. నల్లటి కోయాక్సియల్ కేబుల్ ఒక్కటే బల్లలన్నిటి వెనకగా పాకేది. 185 మీటర్లు దాటకూడదు, రెండు చివర్లా 50 ఓమ్‌ల టెర్మినేటర్ ఉండాల్సిందే. ఊడ్చే మనిషి చీపురు తగిలి ఎక్కడైనా ఊడిందా, అందరి పనీ బంద్. మేం బల్లల కింద దూరి వెతికేవాళ్ళం.

ఇప్పటి కుర్రాళ్ళు కుర్చీలోంచి లేవరు. స్విచ్‌లన్నీ గ్రూపులు, గ్రూపుకి రెండేసి లింకులు. ఒక్కచోట సెట్టింగ్ మారిస్తే గ్రూపంతా మారిపోతుంది. తప్పు సెట్టింగైనా అంతే జోరుగా! మేం ఒక్కో స్విచ్‌కీ కన్సోల్ కేబుల్ తగిలించి కమాండ్లు కొట్టేవాళ్ళం. తప్పు జరిగినా ఆ ఒక్కదానితో పోయేది.

అసలు రెండో లింకంటేనే మాకు గుండె దడ. ఐపీ ప్యాకెట్‌కి ఆయుష్షు ఉంటుంది, ఈథర్నెట్ ఫ్రేముకి అదీ లేదు. లూప్ పడితే ఒక్క బ్రాడ్‌కాస్ట్ చాలు, చచ్చేదాకా తిరుగుతూ లైన్లన్నీ నింపేస్తుంది. దానికి విరుగుడు కనిపెట్టింది రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ, 1985లో, డెక్ కంపెనీలో ఉండగా. స్పానింగ్ ట్రీ అంటారు. స్విచ్‌లు తమలో ఒకదాన్ని రూట్‌గా ఎన్నుకుని, అదనపు లింకుని మూసి ఉంచుతాయి. అసలుది తెగితే దాన్ని తెరుస్తాయి. తెరవడానికి 30 నుంచి 50 సెకన్లు. ఈలోగా మా ఫోన్లు మోగిపోయేవి. 2001లో రాపిడ్ రకం వచ్చాకే ఆ బాధ తగ్గింది. ఆ ఎన్నికలో ఓ తమాషా ఉంది. ఎవరూ ప్రయారిటీ మార్చకపోతే అందరిదీ 32768, అప్పుడు చిన్న మ్యాక్ అడ్రసున్నదే గెలుస్తుంది. పాతవాటికే చిన్న అడ్రసు ఉండడం మామూలు కాబట్టి, చాలాసార్లు మూలగదిలో దుమ్ము పట్టిన ముసలి స్విచ్‌కే పెద్దరికం. నాకు మాత్రం ఆ పద్ధతి నచ్చేది.

ఇప్పుడు రెండు లింకుల్నీ కలిపి ఒకటిగా వాడతారు. మంచిదే, కాదనను. కానీ ఒకటి తెగితే ఎవరికీ చీమ కుట్టినట్టైనా ఉండదు. డాష్‌బోర్డులో పసుపు చుక్క వెలుగుతుంది, అలర్ట్ మెయిలొస్తుంది, చదివే నాథుడుండడు. కొన్నాళ్ళకి రెండోదీ తెగుతుంది. అప్పుడు "సార్, రిడండెన్సీ ఉంది కదా" అని బిక్కమొహం. ఉండేదిరా అబ్బాయ్, పోయిన నెల దాకా! పైగా రెండు కేబుళ్ళూ ఒకే పైపులోంచి లాగుతారు. రోడ్డు తవ్వే జేసీబీ ఏది అసలుదో, ఏది అదనపుదో చూసి తెంపుతుందా?

నెలకోసారి, శనివారం సాయంత్రం, మీ చేత్తో ఒక లింకు పీకి చూడండర్రా అన్నాను. "చేంజ్ అప్రూవల్ కావాలి సార్" అన్నారు. ఫారం నింపి పంపాను. ఇంకా పెండింగే.