అల్లుడలిగి అడవికెళితే

సంక్రాంతికి కొత్త అల్లుడు అలగటం మా వైపు ఇంకా చెల్లుబాటులోనే ఉంది. మా నాన్న అలిగి గడియారం పుచ్చుకున్నాడు. నేను అలిగి స్కూటరు సాధించాను. మా అల్లుడిది హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. అన్నీ కొనుక్కున్నవాడు ఇంకా దేనికని అలుగుతాడులే అని నిశ్చింతగా ఉన్నాం. కనుమ నాడు గారెల పళ్ళెం ముందు పెట్టుకుని ముట్టకుండా కూర్చున్నాడు. ఏం కావాలి బాబూ అని మా ఆవిడ అడిగితే, "అడవిలో, కొండల మధ్య, చెరువు గట్టున ఒక్క రాత్రి పడుకోవాలండీ అత్తయ్యగారూ. క్యాంపింగు. మావయ్యగారు కూడా రావాలి" అన్నాడు.

మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి, "పెళ్ళికి ముందే వాకబు చెయ్యాల్సింది" అంది.

అసలు మా ప్రత్తిపాడు వాళ్ళకి ఆరుబయట పడుకోవటం సరదా కాదు, డ్యూటీ. సంక్రాంతి వెళ్ళిందంటే మిరప కోతలు ఊపందుకుంటాయి. కోసిన కాయ కల్లంలో ఎండాలి, ఎండినన్నాళ్ళూ ఇంట్లోంచి ఎవరో ఒకరు అక్కడ పడుకోవాలి. సాయంత్రం మంచు దిగకముందే కాయను రాశి చేసి పట్టా కప్పాలి, పొద్దున ఎండెక్కాక మళ్ళీ నెరపాలి. రాత్రి గాలి లేస్తే పట్టా అంచుల మీద పెట్టిన రాళ్ళు ఉన్నాయో జరిగాయో టార్చిలైటుతో చుట్టూ తిరిగి చూసుకోవాలి. తడిసిన కాయ రంగు మారి తాలు కింద జమ అవుతుంది. తాలుకి గుంటూరు యార్డులో పలికే ధర వింటే వచ్చే నిద్ర కూడా పోతుంది. ఒక నులక మంచం, ఒక దుప్పటి, మంచం కింద కుక్క, ముక్కులో తేజ కాయ ఘాటు. దుప్పటి దులిపితే తుమ్ము, దిండు తిప్పితే తుమ్ము. మా కల్లానికి దొంగ వచ్చినా ముందు తుమ్మి, తరవాత దొరుకుతాడు.

డబ్బు ఖర్చుపెట్టి మరీ ఇలా పడుకునే వాళ్ళు ఉంటారని చెబితే మా కాపలా మనిషి చాలాసేపు ఆలోచించాడు. "అంటే ఎదురు మనమే ఇయ్యాలా అయ్యా?" అని అడిగాడు. అవునన్నాను. "మరి కాయలు ఎవరియి?" అన్నాడు. కాయలుండవురా అంటే ఇక మాట్లాడలేదు.

అల్లుణ్ణి దగ్గర్లోనే సర్దిపెడదామని చూశాను. పక్కనే కొండవీడు ఉంది, కోట ఉంది, కొండ మీద చెరువులు ఉన్నాయి, ఘాట్ రోడ్డు వేశారు, పొద్దున వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి రావచ్చు. అదే అతనికి నచ్చలేదు. భోజనానికి ఇంటికి రాగలిగితే అది క్యాంపింగు కాదట.

ఈ జబ్బు మా అల్లుడితో మొదలైంది కాదు. 1869లో అమెరికాలో విలియం మర్రే అనే బోస్టన్ పాస్టరు గారొకాయన, అడిరాండాక్ కొండల్లో చెరువుల పక్కన గుడారం వేసుకుంటే ఒంటికీ మనసుకీ ఎంత మేలో వర్ణిస్తూ ఒక పుస్తకం రాశాడు. ఆ వేసవిలోనే పట్నాల జనం మూటలు కట్టుకుని ఆ కొండల మీద పడ్డారు. వానలు కురిశాయి, ఈగలు కుట్టాయి, ఉన్న కాసిని గదులూ చాల్లేదు. వాళ్ళకి "మర్రే మూర్ఖులు" అని పేరు పడింది. పేరు పడ్డాక కూడా జనం వెళ్ళటం మాత్రం ఆగలేదు. నూట యాభై ఏళ్ళకి ఆ గాలి మా ఇంటి గారెల పళ్ళెం దాకా వచ్చింది.

సరే, అడవంటే మనకి నల్లమలే. దాన్ని 1978లో అభయారణ్యం చేశారు, 1983లో పులుల ప్రాజెక్టులో కలిపారు. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళే రోడ్డుకే రాత్రి తొమ్మిదింటికి గేటు వేస్తే పొద్దున ఆరింటికి గానీ తియ్యరు. బండినే పోనివ్వని చోట గుడారాన్ని రానిస్తారా? బైర్లూటిలో అటవీశాఖ వాళ్ళ జంగిల్ క్యాంపు ఉంది, పడక ఉంది, జీపులో తిప్పుతారు కూడా. మా వాడికి చెరువు గట్టే కావాలి. అడవి లోపల, కొండల నడుమ, చెరువు పక్కన మామూలు మనుషుల్ని రాత్రిపూట పడుకోనిచ్చే చోటు నాకు తెలిసి ఒక్కటే: పెచ్చెరువు. అదీ శివరాత్రికీ ఉగాదికీ నడిచి వెళ్ళే మల్లన్న భక్తులకి మాత్రమే.

"భక్తి ఉందా బాబూ?" అని అడిగాను.

"తెచ్చుకుంటానండీ" అన్నాడు.

శివరాత్రి ముందు బయల్దేరాం. వినుకొండ, త్రిపురాంతకం, దోర్నాల మీదుగా ఆత్మకూరు దాటి వెంకటాపురంలో కారు వదిలాం. అక్కణ్ణించి నాగలూటి మీదుగా పెచ్చెరువు, రాత్రి అక్కడ పడక, మర్నాడు భీముని కొలను లోయలోకి దిగి, కైలాసద్వారం ఎక్కి శ్రీశైలం. కొండకి మెట్లు కట్టించింది మా కొండవీటి రెడ్డిరాజుల మూలపురుషుడు ప్రోలయ వేమారెడ్డి అని, 14వ శతాబ్దం నాటి మాట అని అల్లుడికి గర్వంగా చెప్పాను. భీముని కొలను దగ్గర ఆ గర్వం మోకాళ్ళలోంచి కారిపోయింది, అది వేరే సంగతి.

అల్లుడికి చీలమండల దాకా బూట్లు, నుదుటి మీద లైటు, రెండు చేతులకీ రెండు కర్రలు, వీపున గొట్టంతో నీళ్ళు తాగే సంచి. మా వెనకాల కర్నూలు వైపు అవ్వ ఒకామె, డెబ్బై దాటి ఉంటాయి, కాళ్ళకి చెప్పుల్లేవు, నెత్తిన మూట. "రోంత పక్కకి జరుగప్పా" అంటూ మమ్మల్ని దాటేసింది. ఉగాదికైతే కన్నడ భక్తులు మరకాళ్ళ మీద కూడా ఈ దారిన వెళతారని చెప్పాను. అల్లుడు తన కర్రల వంక ఒకసారి చూసుకున్నాడు.

పెచ్చెరువు చేరేసరికి పొద్దు వాలింది. చెంచుగూడెం, చెరువు, చుట్టూ అడవి, అల్లుడు కోరుకున్నవన్నీ ఉన్నాయి. వాటితో పాటు జనం ఉన్నారు. ఒక పక్క జనరేటరు, ఒక పక్క భజన, అన్నదానం దగ్గర మైకు. తప్పిపోయిన వాళ్ళ పేర్లు చదువుతూనే ఉన్నారు. ఒకాయన పేరు చదివితే ఆయనే మైకు పక్కన సాంబారు పోయించుకుంటున్నాడు. అంత మంది చప్పుడుకి ఎలుగుబంట్లు అప్పటికే ఏ కొండ అవతలికో పోయి ఉంటాయి.

"మావయ్యగారూ, ఇక్కడ పక్షుల చప్పుడు ఎప్పుడు వినపడుతుందండీ?"

"ఉగాది వెళ్ళాక" అన్నాను.

అల్లుడు గుడారం తీసి విసిరాడు. అది గాల్లోనే విచ్చుకుని నేల మీద నిలబడింది. చుట్టూ ఉన్న వాళ్ళు "హర హర మహాదేవ" అన్నారు. ఇందాకటి అవ్వ వచ్చి తలుపు జిప్పు రెండుసార్లు పైకీ కిందికీ లాగి చూసింది.

"దోమతెరనా అప్పా?"

"టెంటు అవ్వా. ఇద్దరికి సరిపోద్ది."

"ఇద్దరికేనా?" అని ఆమె జాలిపడి, తన మూట లోపల పెట్టింది. మూట వెనకాల ఆమె, ఆమె వెనకాల వదిన, వదిన వెనకాల నిద్రపోతున్న మనవడు. అర్ధరాత్రికి ఎంతమంది ఉన్నారో నేను లెక్కపెట్టలేదు. పైన మూడు తడి చీరలు ఆరేసి ఉన్నాయి. అల్లుడు నా పక్కన గోనెపట్టా మీద పడుకుని గురక పెట్టాడు. నేను పడమర మబ్బు ఉందా లేదా అని చూస్తూ పడుకున్నాను. నూట యాభై కిలోమీటర్ల పైన ఉన్న నా కల్లం మీద ఆ మబ్బు పడుతుందా అని లెక్కలు వేశాను. ఫోను సిగ్నలు లేదు.

పొద్దున గుడారం మడతపడలేదు. ఒక పక్క నొక్కితే ఇంకో పక్క లేస్తోంది. అల్లుడు ఫోనులో దాచుకున్న వీడియో తీసి చూశాడు, మళ్ళీ చూశాడు, మోకాలితో తొక్కాడు. అవ్వ విభూతి పెట్టుకోవటం అయ్యాక వచ్చి, చాప చుట్టినట్టు చుట్టి చేతిలో పెట్టింది.

శ్రీశైలంలో సిగ్నలు వచ్చీ రాగానే ఇంటికి చేశాను.

"వాన పడలా. కాపలా మనిషి కోటప్పకొండ తిరునాళ్ళకి పోయాడు. కల్లంలో నేనే పడుకున్నా" అంది మా ఆవిడ. "అల్లుడితో చెప్పండి, అత్తయ్యగారు కూడా క్యాంపింగు చేసిందని."

గుడారం అల్లుడు మాకే వదిలేసి వెళ్ళాడు. మా కాపలా మనిషి ముచ్చటపడి దాన్ని రాశి పక్కనే వేసుకుని, దోమలు రాకుండా జిప్పు గట్టిగా బిగించుకుని పడుకున్నాడు. మిరప ఘాటు లోపలికి వెళ్ళింది గానీ బయటికి రాలేదు. రెండో జాముకి తుమ్ముకుంటూ బయటపడి మంచం వేపచెట్టు కిందికి లాక్కున్నాడు. ఇప్పుడు అందులో ఖాళీ టిక్కీ సంచులు పెడుతున్నాం. బాగా పడుతున్నాయి.