గోడ మీద పిల్లి పట్టా

2009లో బీబీసీ విలేకరి క్రిస్ జాక్సన్ తన పెంపుడు పిల్లి జార్జి పేరిట బ్రిటన్‌లోని హిప్నోథెరపీ (హిప్నాటిజంతో చికిత్స), ఆ కోవలోని వృత్తి సంఘాలకు దరఖాస్తు పెట్టారు. మూడు సంఘాలు కళ్లకద్దుకుని చేర్చుకున్నాయి.

జార్జి చదివింది లేదు.
పరీక్ష రాసింది లేదు.
జతపరిచిన ధ్రువపత్రం, అసలు లేనేలేని సంస్థది.

ఇంటర్వ్యూకి పిలిస్తే గుట్టు రట్టయ్యేదే. ‘మీ అనుభవం?’ ‘మ్యావ్.’ పిలిస్తే కదా!

అయినా అర్హతలకేం లోటు?
కన్నార్పకుండా ఎంతసేపైనా చూడగలదు.
ఒళ్లో పడుకుని గుర్రుమందంటే ఎదుటివారికి కునుకు ఖాయం.
గతజన్మలో మీరు మహారాణి అని కోయదు.
రోగి రహస్యం ప్రాణం పోయినా పొక్కనివ్వదు.
ఫీజు గిన్నెడు పాలు, జీఎస్టీతో కలిపి.
రెండు కాళ్ల నిపుణులు కొందరి కంటే ఇదే నయం.

పాపం, జార్జికి తొలి పట్టభద్రుడన్న కీర్తి కూడా దక్కలేదు. అమెరికాలో స్టీవ్ ఐకెల్ అనే సైకాలజిస్టు అంతకు ఎన్నో ఏళ్ల ముందే తన పిల్లి జోయీకి ఒకటి కాదు, పలు హిప్నోథెరపీ సర్టిఫికెట్లు ఇప్పించారు. సైకోథెరపీ సంఘం డిప్లొమా అదనం. జోయీయే సీనియర్.

ఇందులో హిప్నటైజ్ అయింది ఎవరంటారా? ఫీజు కనబడగానే కళ్లు మూతలుపడిన సంఘాలు.

అన్నట్టు, బ్రిటన్‌లో హిప్నోథెరపిస్టునని బోర్డు తగిలించుకోవడానికి చట్టప్రకారం ఏ శిక్షణా అక్కర్లేదు. జార్జి అనవసరంగా శ్రమపడింది.