ముద్దను నోటికి చేర్చే కీలును నేను

నేను కృత్రిమ మోచేతి కీలును. చూడ్డానికి తలుపు బందులా ఉంటాను. నాకు రెండు టైటానియం కాడలు. ఒకటి జబ్బ ఎముక బోలులో, రెండోది ముంజేతి ఎముక బోలులో సిమెంటుతో నాటుకుంటాయి. రెండింటినీ కలిపేది కోబాల్ట్ క్రోమ్ ఇరుసు. లోహం లోహాన్ని ఒరుసుకోకుండా నడుమ పాలిథిలిన్ బుష్‌లు.

మా పూర్వీకులు బిర్ర బందులు. చెయ్యి మెలితిరిగితే ఆ బరువంతా సిమెంటు మీద పడి కాడలు కదిలిపోయేవి. అమెరికాలో కూన్‌రాడ్ చేసిన కీలును మేయో క్లినిక్‌లో మోరీ సరిదిద్ది, పక్కలకు కొన్ని డిగ్రీలు ఆడేలా వదులు ఇచ్చారు. కలకత్తా సర్జన్ బక్షి కూడా అలాంటి వదులు కీలునే రూపొందించారు. ఆ వదులే మా ఆయుష్షు.

నేను చేరింది 74 ఏళ్ల పెద్దావిడ కుడిచేతిలో. బాత్‌రూమ్‌లో జారి మోచేతి మీద పడ్డారు. జబ్బ ఎముక కింది కొస పెంకుల్లా పగిలింది. సర్జన్ ముందు ప్లేట్లు, స్క్రూలే అనుకున్నారు. వయసులో ఉన్నవాళ్లకైతే అదే మొదటి మాట. సొంత ఎముకను మించిన కీలు లేదు. కానీ గుల్లబారిన ఎముకలో స్క్రూ పట్టు దొరకలేదు. కెనడాలో ఇలాగే మోచెయ్యి విరిగిన, 65 దాటిన 42 మందిపై జరిగి, 2009లో అచ్చయిన అధ్యయనంలోనూ ప్లేట్లు వేయాల్సిన 5 మందికి ఆపరేషన్ బల్ల మీదే నిర్ణయం మార్చి కీలు పెట్టారు.

నాకో తోబుట్టువుంది, అర కీలు. జబ్బ ఎముక కొసను మాత్రమే మారుస్తుంది. దానికి బుష్‌లు లేవు, అవి అరిగే బాధా లేదు. అయితే ముంజేతి ఎముకలు బాగుండాలి, పక్క లిగమెంట్లు నిలవాలి. పైగా లోహం ఒరిపిడికి అవతలి మృదులాస్థి అరగవచ్చు. ఇరుసు లేని విడి కీలుకూ లిగమెంట్లే ఆధారం. అవి లేకుంటే జారిపోతుంది. పెద్దావిడకు లిగమెంట్లు అంటుకున్న ఎముక అంచులే పొడైపోయాయి. ఇక ఇరుసున్న నేనే దిక్కయ్యాను.

సర్జన్ చిటికెన వేలికి వెళ్లే నరాన్ని జాగ్రత్తగా పక్కకు తప్పించి నన్ను నాటారు. కొన్ని వారాలకు ఆవిడ పప్పన్నం కలిపి ముద్ద ఎత్తారు. నేను మెల్లగా వంగాను. ముద్ద పెదవిని తాకింది. ఆవిడ కళ్లు చెమర్చాయి.

నా లోపం దాచను. బరువంతా నా బుష్‌ల మీద, సిమెంటు మీద పడుతుంది. బుష్‌లు అరుగుతాయి, కాడలు వదులవుతాయి. అందుకే సర్జన్ గట్టిగా చెప్పారు: "అమ్మా, ఈ చేత్తో ఒక్కసారికి నాలుగున్నర కిలోలు దాటి ఎత్తకూడదు. పదే పదే ఎత్తేవైతే కిలో, రెండు కిలోల లోపే. జీవితాంతం ఇంతే."

"పాల ప్యాకెట్టు పట్టుకోవచ్చా బాబూ?"

"పట్టుకోండమ్మా. బిందె మాత్రం వద్దు."

ఏ కీలు గొప్పదని అడగకండి. విరిగిన తీరు, ఎముక బలం, లిగమెంట్లు, వయసు, చేసే పని చూసి ఏది సరిపోతుందో అడగండి. ఇంట్లో వాళ్లకు నాదొక్క మనవి. బిందె మీరు ఎత్తండి, ముద్దను నోటిదాకా నేను చేరుస్తాను.