నా గొట్టాల్లో ఒక దేశం

నా ఒళ్లంతా పెర్‌స్పెక్స్ తొట్లు, గొట్టాలు, వాల్వులు, ఫ్లోట్లు. ఎత్తు సుమారు 2 మీటర్లు, వెడల్పు మీటరు పైచిలుకు. ఒక దేశంలో చేతులు మారే డబ్బంతా నాలో రంగునీరై తిరిగేది. నన్ను ఫిలిప్స్ యంత్రం అంటారు. మోనియాక్ అనేది అబ్బా లెర్నర్ అనే ఆర్థికవేత్త పెట్టిన పేరు. నాలాంటివి ప్రపంచం మొత్తం మీద 12 నుంచి 14 దాకా తయారయ్యాయి. కొన్ని కేంబ్రిడ్జ్, హార్వర్డ్, ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయాలకు వెళ్లాయి. ఒకదాన్ని గ్వాటెమాలా కేంద్ర బ్యాంకు కొనుక్కుంది. నేను ఆస్ట్రేలియా చేరాను. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలోని బిజినెస్ అండ్ ఎకనామిక్స్ ఫ్యాకల్టీ నా ఇల్లు. బారీ స్ట్రీట్‌లో, గిబ్లిన్ యూన్సన్ గ్రంథాలయం ముంగిట ఉంటాను.

నన్ను కన్నవాడు బిల్ ఫిలిప్స్. 1914లో న్యూజిలాండ్‌లో ఒక పాడిరైతు ఇంట పుట్టాడు. చదువు త్వరగా ఆపేసి ఎలక్ట్రీషియన్ పని నేర్చుకున్నాడు. ఆస్ట్రేలియా మారుమూలల్లో గనిలో పనిచేశాడు, మొసళ్లను వేటాడాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యానికి చిక్కి జావాలో మూడున్నరేళ్లు ఖైదీగా గడిపాడు. కాపలావాళ్ల కన్నుగప్పి అక్కడ రేడియో తయారుచేసిన చేతులే తర్వాత నాకు రూపమిచ్చాయి. యుద్ధం అయ్యాక లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో సోషియాలజీ విద్యార్థిగా చేరి, ఆర్థికవేత్త కీన్స్ సిద్ధాంతం దగ్గర ఆగిపోయాడు. ఆదాయం, పొదుపు, వడ్డీ ఒకదాన్నొకటి ఎలా కదిలిస్తాయో అతనికి గీతల్లో కంటే నీటిలో స్పష్టంగా కనిపించింది. లీడ్స్‌లో పాఠాలు చెప్పే మిత్రుడు వాల్టర్ న్యూలిన్ తన విభాగం నుంచి 100 పౌండ్లు ఇప్పించాడు. క్రోయ్‌డన్‌లో తాను అద్దెకున్న ఇంటి గ్యారేజీలో, యుద్ధవిమానాల పాత సామాను కూడా వాడుకుని ఫిలిప్స్ మొదటి యంత్రం కట్టాడు. 1949 నవంబరులో లండన్ స్కూల్ ఆచార్యుడు లయనెల్ రాబిన్స్ సెమినార్‌లో అది నడిచింది. నవ్వుకుందామని వచ్చినవాళ్లు కూడా చివరిదాకా కూర్చుని చూశారు.

ఏం చూశారో చెబుతాను. పంపు నీటిని పైకి తోడుతుంది. అది జాతీయాదాయం. కిందికి దిగే దారిలో ముందు పన్నుల పాయ ప్రభుత్వం వైపు చీలుతుంది. మిగిలినదాంట్లో పొదుపు ఒక పక్కకు మళ్లుతుంది, వినియోగం తిన్నగా దిగుతుంది. పొదుపు చేరే తొట్టిలో మట్టం పెరిగితే వడ్డీ రేటు తగ్గుతుంది, దాంతో పెట్టుబడి వాల్వు మరికాస్త తెరుచుకుంటుంది. దిగుమతులకని కొంత విదేశీ తొట్టిలోకి పోతుంది, ఎగుమతుల వల్ల కొంత తిరిగి వస్తుంది. ప్రభుత్వ ఖర్చు కూడా వచ్చి కలిశాక అంతా అడుగు తొట్టిలో పడుతుంది, పంపు మళ్లీ పైకి తోడుతుంది. వాల్వులు ఎంత తెరుచుకోవాలో పెర్‌స్పెక్స్ పలకల్లో కోసిన గాడులు నిర్ణయిస్తాయి. గాడి వంపు మార్చారంటే జనం పొదుపు అలవాటును మార్చినట్టే. పై భాగాన కలాలు ఆదాయాన్ని, వడ్డీని కాగితం మీద గీస్తూ పోతాయి. పన్ను వాల్వును కొద్దిగా తిప్పితే ఆదాయం గీత వెంటనే స్థిరపడదు. నీరు ఎన్నోసార్లు చుట్టి వచ్చాకే ఒక మట్టం దగ్గర నిలుస్తుంది. ఆ ఆలస్యాన్ని కళ్లతో చూసిన విద్యార్థికి, ఖర్చులో చిన్న మార్పు ఆదాయంలో ఎన్ని రెట్లవుతుందో చెప్పే గుణకం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ఫ్యాకల్టీ నాకంటే పాతికేళ్ల పైచిలుకు పెద్దది. 1924లో కామర్స్ ఫ్యాకల్టీగా ఏర్పడింది, మరుసటి ఏడాది తరగతులు మొదలయ్యాయి. మొదటి డీన్ డగ్లస్ కోప్లండ్ ఫిలిప్స్ లాగే న్యూజిలాండ్‌వాడు. టాస్మానియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చేనాటికి అతనికి 30 ఏళ్లు. అప్పటి విద్యార్థుల్లో చాలామంది పగలు ఆఫీసుల్లో, బ్యాంకుల్లో పనిచేసి సాయంత్రం పాఠాలకు వచ్చేవాళ్లు. ఉద్యోగానికి పనికొచ్చే లెక్కలు నేర్పి పంపితే వాళ్లకు సరిపోయేదే. కోప్లండ్ మాత్రం కామర్స్ చదువుకు నడిబొడ్డున అర్థశాస్త్రాన్ని పెట్టాడు. 1925లోనే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆర్థికవేత్తల సంఘం పుట్టింది. ఆ సంఘం తెచ్చిన ‘ఎకనామిక్ రికార్డ్’ పత్రికకు మొదటి సంపాదకుడు అతనే. తరగతులు మొదలైన ఏడాదే ఒక ఫ్యాకల్టీ తన గోడలు దాటి దేశంతో మాట్లాడటం మొదలుపెట్టడం నాకు గర్వంగా ఉంటుంది.

1929లో రిచీ పేరిట అర్థశాస్త్ర పీఠం ఏర్పడినప్పుడు దాన్ని మొదట అలంకరించినవాడు లిండ్‌హర్స్ట్ గిబ్లిన్. నేనుండే గ్రంథాలయం పేరులో సగం ఆయనదే. కేంబ్రిడ్జ్‌లో చదివాడు, ఇంగ్లండ్ తరఫున రగ్బీ ఆడాడు, క్లోండైక్‌లో బంగారం వెతికాడు, టాస్మానియాలో పళ్లతోట వేశాడు, అక్కడి శాసనసభలో కూర్చున్నాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడాడు, ఆ తర్వాత ప్రభుత్వ గణాంకాధికారి అయ్యాడు. ఇంత బతుకు చూసినవాడు ఆచార్యుడైతే పాఠం ఎలా ఉంటుందో ఊహించుకోండి. 1930 నాటి తొలి ప్రసంగంలోనే, ఎగుమతుల ఆదాయం పడిపోతే ఆ నష్టం చేతులు మారుతూ దేశమంతటా ఎన్ని రెట్లు పెరుగుతుందో లెక్క కట్టి చూపాడు. గుణకం మీద ఆర్థికవేత్త రిచర్డ్ కాన్ ప్రసిద్ధ వ్యాసం వచ్చింది 1931లో. అంటే నా గొట్టాల్లో తిరిగిన ఆలోచన, నేను పుట్టక మునుపే ఈ ఫ్యాకల్టీలో ఉంది. 1930లోనే గిబ్లిన్ మెల్‌బోర్న్ దినపత్రిక ‘హెరాల్డ్’లో జాన్ స్మిత్ అనే సామాన్యుడికి ఉత్తరాల రూపంలో అప్పటి ఆర్థిక మాంద్యం గురించి వివరించాడు.

ఆ మాంద్యం చాలా క్రూరమైనది. 1932 నాటికి కార్మిక సంఘాల సభ్యుల్లో దాదాపు 30 శాతం మందికి పని లేదు. దారి చూపమని ప్రభుత్వాలు అడిగిన నిపుణుల కమిటీకి కోప్లండ్ అధ్యక్షుడు. దాని సలహా మీద 1931 జూన్‌లో ప్రీమియర్స్ ప్లాన్ వచ్చింది. జీతాలు, పింఛన్లు సహా సర్దుబాటుకు వీలున్న ప్రభుత్వ ఖర్చులో 20 శాతం కోత, ప్రభుత్వ బాండ్ల వడ్డీలో 22.5 శాతం తగ్గింపు, పన్నుల పెంపు. అంతకు ముందు జనవరిలోనే ఆస్ట్రేలియా పౌండు విలువ పడి, 100 స్టెర్లింగ్ పౌండ్లకు 130 చెల్లించాల్సి వచ్చింది.

ఇవన్నీ నా మీద వేసి చూస్తే ఏమవుతుంది? ప్రభుత్వ ఖర్చు వాల్వు బిగించగానే అడుగు తొట్టిలో మట్టం దిగుతుంది. పన్ను పెంచితే ఇంకా దిగుతుంది. వడ్డీ తగ్గితే పెట్టుబడి వైపు కొంచెం దారి తెరుచుకుంటుంది. మారకపు రేటు మారితే బయటికి పోయే పాయ సన్నబడి, ఎగుమతుల పాయ లావవుతుంది. ఒక చేత్తో తీసుకున్నదాన్ని మరో చేత్తో కొంత ఇచ్చిన ప్రణాళిక అది. కోతలు జనం కష్టాన్ని పెంచాయనే నేనంటాను. అయితే అప్పిచ్చేవాడే లేని దేశానికి సలహా చెప్పాల్సి వచ్చినవాళ్లను, ఒక్క వాల్వే చూసి తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ఫ్యాకల్టీ ఆ తర్వాత విభాగాలుగా పెరిగింది. అకౌంటింగ్‌కు సొంత ఆచార్య పీఠం 1950లలో వచ్చింది. ఫైనాన్స్, మేనేజ్‌మెంట్, మార్కెటింగ్ వేర్లు పట్టి విస్తరించాయి. కామర్స్ ఫ్యాకల్టీ పేరు కూడా మారుతూ బిజినెస్ అండ్ ఎకనామిక్స్ దగ్గర నిలిచింది. ఇప్పుడు డీన్ కింద అకౌంటింగ్, ఎకనామిక్స్, ఫైనాన్స్, మేనేజ్‌మెంట్ అండ్ మార్కెటింగ్, బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ విభాగాలు, వాటితో పాటు పరిశోధన కోసం మెల్‌బోర్న్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. నా లెక్కలో ఇవన్నీ ఒకే నీటి దగ్గర నిలబడ్డ మనుషులు. ప్రతి తొట్టిలో మట్టం ఎంతో నిజాయితీగా చెప్పేది అకౌంటింగ్. పొదుపు పెట్టుబడిగా మారే దారిని చదివేది ఫైనాన్స్. వినియోగపు పాయ ఎటు తిరుగుతుందో చూసేది మార్కెటింగ్. పెట్టుబడి సంస్థ లోపలికి వెళ్లాక ఏమవుతుందో మేనేజ్‌మెంట్‌కు తెలియాలి. విభజన అవసరమే, ఇంత విద్య ఒక్కరికి పట్టదు. కానీ తన వాల్వు ఒక్కటే చూసి డిగ్రీ పుచ్చుకుని వెళ్లే విద్యార్థి గురించి నాకు బెంగ. 2008లో విశ్వవిద్యాలయం డిగ్రీల సంఖ్య కుదించి ఆరు విశాలమైన కోర్సులకు పరిమితమైనప్పుడు కామర్స్ వాటిలో ఒకటిగా నిలిచింది. ఏ శాఖలో స్థిరపడబోయేవారైనా మొదట కొంత అర్థశాస్త్రం చదవాల్సిందే. కోప్లండ్ పెట్టిన నడిబొడ్డు ఇంకా అక్కడే ఉంది.

నాకు చేతకాని పని ఒకటుంది. ఆదాయం ఎంతో చెప్పగలను, ఎవరింటికి ఎంత చేరిందో చెప్పలేను. ఈ నగరంలో చదువుకుంటున్న తెలుగు పిల్లల్లో కృష్ణా, గోదావరి డెల్టాల వాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. హెడ్ రెగ్యులేటర్ దగ్గర మట్టం చూసి చివరి ఆయకట్టుకు నీరందిందని ఎవరూ అనలేరు.

ఎవరింటికి ఎంత చేరిందో కొలిచే ఆ పనిని ఆర్థికవేత్త రోనల్డ్ హెండర్సన్ తలకెత్తుకున్నాడు. 1962లో ఏర్పడిన మెల్‌బోర్న్ ఇన్‌స్టిట్యూట్‌కు ఆయనే మొదటి డైరెక్టర్. దేశం సుఖంగా ఉందని అందరూ నమ్ముతున్న 1966లో మెల్‌బోర్న్ ఇళ్ల తలుపులు తట్టించి పేదరికాన్ని కొలిపించాడు. ఎంత ఆదాయం కంటే తక్కువైతే ఒక కుటుంబం పేదదో ఒక గీత గీశాడు. హెండర్సన్ పేదరిక రేఖ అనే ఆ గీతను ఇన్‌స్టిట్యూట్ ఇప్పటికీ మూడు నెలలకోసారి సవరించి ప్రకటిస్తుంది. 1972లో ప్రభుత్వం పేదరికంపై జాతీయ విచారణ సంఘం వేసి ఆయన్నే అధ్యక్షుణ్ణి చేసింది. నివేదిక 1975లో వచ్చింది. 2001 నుంచి ఇదే సంస్థ ‘హిల్డా’ అనే సర్వే నడుపుతోంది. మొదట ఎంచుకున్న 7,600కు పైగా కుటుంబాల్లోని మనుషులనే ఏటా మళ్లీ కలిసి, వాళ్ల సంపాదన, ఉద్యోగం, ఆరోగ్యం ఎలా మారాయో అడుగుతుంది.

ఇప్పుడు నాలో నీరు తిరగడం లేదు. కేంబ్రిడ్జ్‌లోని నా తోబుట్టువును మరమ్మతు చేసి నడిపిస్తున్నారు, కాబట్టి నాకూ ఆశ ఉంది. నన్ను నడిపించే రోజు వస్తే, పన్ను వాల్వును మొదటి ఏడాది విద్యార్థి చేతికి ఇవ్వండి. నా పక్కనే హిల్డా పట్టికలు కూడా పెట్టండి.