వేటకు లెక్క

నవంబరు నెలాఖరు. మిత్రుడి తండ్రి, మాచర్ల వైపు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన పెద్దాయన, కొడుకు దగ్గరికి అమెరికా వచ్చారు. ఐదేళ్ల మనవడితో కలిసి విస్కాన్సిన్ నది చూస్తానంటే మ్యాడిసన్ నుంచి సాక్ సిటీ వైపు తీసుకెళ్లాను. అక్కడికి కాస్త ఎగువనున్న ఆనకట్ట దగ్గర్నుంచి మిసిసిపీలో కలిసేదాకా 92 మైళ్ల నదీతీరాన్ని 1989 నుంచి రాష్ట్రం కాపాడుకొస్తోంది.

కారు ఆపిన చోటే బోర్డు: పబ్లిక్ హంటింగ్ గ్రౌండ్స్. మాస్టారి మొహం మాడిపోయింది.

"సర్కారు నేల, నది ఒడ్డు, పిల్లలు తిరిగే చోటు. ఇక్కడ వేటా?"

జింకల సీజను మరి. థాంక్స్‌గివింగ్ ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులుంటుంది. అందుకే ముగ్గురికీ నారింజ రంగు చొక్కాలు తొడిగించాను.

ఎదురుగా ఒక ముసలాయన కొమ్ముల జింకను ఈడ్చుకొస్తున్నాడు. మాస్టారు ఆగలేదు. "మా దేశంలో 1972 చట్టం ప్రకారం వేట నేరం. మా ఊరికి దగ్గర్లో, కృష్ణ ఒడ్డున, దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం ఉంది. అక్కడ తుపాకీతో అడుగు పెడితే జైలే!"

ముసలాయన నొచ్చుకోలేదు. జేబులోంచి లైసెన్సు తీసి చూపించాడు. ఒంటి పైభాగంలో సగానికి తక్కువ కాకుండా నారింజో గులాబీయో మెరిసే రంగు కనిపించాలట. 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు శిక్షణ తప్పనిసరి. తన మనవరాలు మొన్ననే పూర్తిచేసిందట. తుపాకులు, తూటాల మీద వసూలయ్యే ప్రత్యేక పన్ను 1937 నాటి చట్టం ప్రకారం ఇలాంటి అడవుల పోషణకే పోతుందని చెప్పాడు.

"రేపు సాయంత్రం 5 లోపు ఈ జింకను రిజిస్టరు చెయ్యాలి" అన్నాడు.

"చెయ్యకపోతే ఇక్కడ చూసేదెవరు?"

"ఎవరూ చూడరు. కానీ లెక్క తప్పితే, వచ్చే ఏడు ఎన్నిటిని కొట్టనివ్వాలో సర్కారుకెలా తెలుస్తుంది?"

నాకు వేట నచ్చదు. ఆ జింక కళ్లు చూస్తే ఇప్పటికీ నచ్చదు. కానీ చూసేవాడు లేనిచోట కూడా లెక్క చెప్పే ఆ మనిషి మీద గౌరవం కలిగింది.

పిల్లాడు కొమ్ములు ముట్టుకుంటానని వంగాడు. జిప్పు వేయని కోటులోంచి మెళ్లో బంగారు గొలుసు బయటికొచ్చింది.

"ఎలుగుబంటి గోరా?" ముసలాయన ముచ్చటగా చూశాడు.

మాస్టారి గొంతులో గర్వం. "పులిగోరు! పిల్లలకు దిష్టి తగలదు, భయం ఉండదు. బజార్లో అన్నీ నకిలీవే. ఇది అసలుసిసలుది. తెలిసిన కంసాలి చేత పోయినేడే ప్రత్యేకంగా తెప్పించి చేయించాను."

"పోయినేడా?" ముసలాయన నుదురు ముడిపడింది. "మీ దగ్గర వేటే లేదన్నారు కదా. మరి ఇది ఏ సీజన్లో కొట్టిన పులి? రిజిస్టరు చేసిన కాగితం ఉంటుందా?"

అందులో ఎగతాళి లేదు. తెలుసుకుందామనే అడిగాడు.

మాస్టారు గొలుసును స్వెట్టర్లోకి తోసి, మనవడి కోటు జిప్పు గడ్డం దాకా లాగారు.

2023 అక్టోబరులో బెంగళూరులో ఒక టీవీ షో పోటీదారుణ్ణి అటవీ అధికారులు ఇలాంటి లాకెట్టు కోసమే అరెస్టు చేశారు. మాస్టారు చెప్పిన ఆ 1972 చట్టం కిందే, పులిని చంపినవాడితో పాటు దాని గోరు కొన్నవాడూ నేరస్తుడే. శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు.