టెండరు సీటు దక్కినవారికి కొన్ని చిట్కాలు

జిల్లా కోర్టు ఆఫీసులో కాంట్రాక్టుల సీటు ఇచ్చారా? కంగారు పడకండి. బెంచీ మీద జడ్జిగారు ఊళ్లోవాళ్ల ఒప్పందాల్లో తప్పొప్పులు తేలుస్తుంటారు. కోర్టు తరఫున ఒప్పందాలు రాసేది మాత్రం కింద కూర్చున్న మీరు. జెనరేటరు, ఏసీలు, జిరాక్సు మిషన్లు, ఊడ్చేవాళ్లు, సైకిల్ స్టాండు వేలం, క్యాంటీను అన్నీ మీ బల్ల మీదికే వస్తాయి. కృష్ణా డెల్టాలో కాలవ గట్టునున్న ఒక కోర్టులో ఈ సీటు చాలాకాలం వెలగబెట్టాను. ఏ ఊరని అడక్కండి. రిటైరయ్యాక ఊరుకోలేక ఈ కిటుకులు పంచుతున్నాను.

వర్క్ ఆర్డరు రాయకండి, ఫోన్లో చెప్పండి. ‘మీరు పని మొదలెట్టండి, కాగితం వెనకాల వస్తుంది’ అన్న మాటలోని ఆప్యాయత ఏ కాగితంలో వస్తుంది? ప్రభుత్వ కాంట్రాక్టు గవర్నరు పేరిట ఉండాలనీ, అధికారం ఉన్నవాళ్లే సంతకం చెయ్యాలనీ రాజ్యాంగం 299వ అధికరణ అంటుంది. గవర్నరుగారు ఉండేది విజయవాడలోనే, ఒప్పుకుంటాను. అయినా పీపా డీజిలు కోసం అంతటివారి పేరెత్తడం మర్యాద కాదు. 1944లో బెంగాలు సివిల్ సప్లైస్ వారు సరైన ఒప్పందం లేకుండానే షెడ్లు కట్టించుకున్నారు. కట్టినవారు బి.కె. మండల్ అండ్ సన్స్. డబ్బు వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒప్పందం చెల్లదు గానీ, పని అనుభవించారు గనక కాంట్రాక్టు చట్టం 70వ సెక్షను కింద సొమ్ము ఇవ్వాల్సిందేనని 1961లో తేలింది. పదిహేడేళ్లు! అప్పటికి ఆ షెడ్ల ఫైలు చూసిన గుమాస్తా హాయిగా పెన్షన్ తీసుకుంటూ ఉండుంటాడు. మీ ధ్యేయం కూడా అదే కావాలి.

తప్పనిసరై రాయాల్సివస్తే గంటలు, నిమిషాలు రాయకండి. మా జెనరేటరు మెయింటెనెన్సు ఒప్పందంలో ‘చెడిపోయిన వెంటనే బాగుచేయవలెను’ అని స్వహస్తాలతో రాశాను. చదవడానికి ఎంత నిండుగా ఉందో చూడండి. ఏప్రిల్ ఎండల్లో ఒకరోజు కరెంటు పోయింది, జెనరేటరు మొరాయించింది. హాల్లో సాక్షి పైకండువాతో ముఖం తుడుచుకుంటూ ‘నాకు గుర్తులేదండీ’ అనడం మొదలుపెట్టాడు. మెకానిక్ ఏలూరు నుంచి రావాలి. వచ్చాడు, మూడోనాటికి. ‘వెంటనే అంటే కబురందిన వెంటనే కదండీ, కబురు నాకు నిన్న అందింది’ అన్నాడు. జరిమానా వేసి బిల్లు ఆపాను. ఒప్పందంలో జరిమానా రాసుకుంటే అంతా దండుకోవచ్చని మీరూ నమ్మండి. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం ఆ అంకె పైహద్దు మాత్రమేననీ, దానికి లోబడి సమంజసమైనంతే వస్తుందనీ ప్లీడర్లు అంటుంటారు, పట్టించుకోకండి. కరెంటు ఎప్పుడు పోయిందీ, ఎవరికి ఫోన్ చేసిందీ రాసే లాగ్‌బుక్కు అసలే వద్దు. రాస్తే అది సాక్ష్యమైపోతుంది.

రేటు విషయంలో ఎల్-1, అంటే అందరికంటే తక్కువ కోట్, ఒక్కటే దైవం. ఊడ్చే పనికి సర్వీసు చార్జీ సున్నా అని ఏజెన్సీ వేస్తే కళ్లకద్దుకుని తీసుకోండి. సున్నా లాభానికి ఎవడైనా మనుషుల్ని ఎందుకు పంపుతాడన్న కుశంక మీకు రాకూడదు. మూడో నెల జీతాలందని ఆడవాళ్లు చీపుళ్లు పక్కన పెట్టి మెట్ల మీద కూర్చుంటారు, పీఎఫ్ నంబరు ఏదని అడుగుతారు. ‘అది మీకూ ఏజెన్సీకీ మధ్య వ్యవహారం’ అనండి. నేనూ అలాగే అన్నాను. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న యజమానే ముందు చెల్లించి, తర్వాత అతని దగ్గర రాబట్టుకోవాలన్నది 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ ఉన్న నియమమే. వాళ్లకేం తెలుస్తుందిలే అనుకున్నాను. ఒకామెకు తెలిసింది. నాలుగేళ్లుగా కోర్టు హాలు గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని వాదనలన్నీ వింటోంది మరి.

వేసవి సెలవుల్లో నూజివీడు రసాల బుట్ట వస్తుంది. పుచ్చుకోండి, అది ఋతుధర్మం. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ ‘అనుచిత ప్రయోజనం’ అంటే డబ్బు ఒక్కటే కాదంటుంది గానీ, మామిడిపండు అని పేరు పెట్టి ఎక్కడా రాయలేదు కదా!

బిల్లులు ఆలస్యమైతే ప్రభుత్వ చెల్లింపుల కంప్యూటరు వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్ మీదికి తోసెయ్యండి. బిల్లు ఇంకా మీ సొరుగులోనే ఉన్నా సరే. చిన్న పరిశ్రమల వారికి 45 రోజులు దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ కట్టాలని 2006 చట్టం. చిన్నవాళ్లు కదా, అడగరు. గట్టిగా అడిగితే విజయవాడ సివిల్ కోర్టుల సముదాయం చూపించండి. 2013లో దానికి శంకుస్థాపన చేసిన జస్టిస్ ఎన్.వి. రమణగారే భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యాక, 2022 ఆగస్టు 20న వచ్చి ప్రారంభించారు. ఈలోగా రాష్ట్రమే రెండయింది. అంత భవనమే ఆగినప్పుడు మీ టోనరు బిల్లు ఆగదా?

దైవఘటన క్లాజు ఉదారంగా వాడండి. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు నిజంగా నష్టపోయినవాళ్లు ఉన్నారు, వాళ్లకు గడువు పెంచడం న్యాయం. మొగల్రాజపురం కొండపక్క ప్రింటరు కూడా వరద పేరు చెప్పి ఫారాలు సంక్రాంతి దాకా ఇవ్వలేదట, నా తర్వాత సీటుకొచ్చినవాడు చెప్పాడు. గోడౌను ఎక్కడుందని అడిగావా అన్నాను. ‘మీరున్నప్పుడు ఎప్పుడైనా అడిగారా’ అన్నాడు. శిష్యుడు ముదిరాడు.

చివరిగా, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 నోటీసు. ప్రభుత్వం మీద దావా వేసే ముందు రెండు నెలల గడువిచ్చి పంపాలి. రెండు నెలలుంది కదా, ఫైల్లో కట్టి పెట్టండి. ప్రభుత్వ ప్లీడరుగారికి పంపితే ఆయన చదువుతారు, చదివితే రాజీ చేసుకోమంటారు. జెనరేటరువాడి నోటీసు నేను అలాగే కట్టి పెట్టాను. దావా పడింది. మా కోర్టు మీది దావా మా కోర్టులోనే వినడం బాగుండదని పక్క ఊరికి మార్చారు. ‘వెంటనే’ అన్న ఒక్క మాట మీద నాలుగు వాయిదాలు నడిచాయి. ఐదో వాయిదాకు నన్ను బోనెక్కించారు. లాగ్‌బుక్కు ఏదని అవతలి ప్లీడరు అడుగుతుండగా కరెంటు పోయింది. హమ్మయ్య, వాయిదా పడుతుంది అనుకున్నాను. ఇంతలో బయట జెనరేటరు మోగింది, ఫ్యాన్లు తిరిగాయి. ఆ కోర్టు ఒప్పందంలో ‘రెండు నిమిషాల్లోపు’ అని రాసుకున్నారట.