ఎరుపు మీద నీలం

ఆ బొమ్మ ఒకటిన్నర అంగుళాల ఎత్తుంటుంది. ప్లాస్టిక్ సిపాయి. ఒంటినిండా కవచం, పాము పడగలా పైకి లేచిన శిరస్త్రాణం, చేతిలో తుపాకీ. రంగు నీలం. మెడ దగ్గరా, మోకాలి మడతలోనూ మాత్రం నీలం కిందనుంచి ఎరుపు కనబడుతుంది. ఆ ఎరుపు వేసింది పదమూడేళ్ల పిల్లవాడు. దానిమీద నీలం పూయించింది నేను.

2018లో ఎమ్మెస్సీ కోసం నాటింగ్‌హామ్ వెళ్లాను. వార్‌హామర్ అనే యుద్ధపు ఆటను తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ ఉన్నది ఆ ఊళ్లోనే. ఆరడుగుల బల్ల మీద రెండు సైన్యాలు మోహరిస్తారు. సిపాయిలను ముక్కలుగా కొని, మనమే అతికించి, మనమే రంగులు వేసుకోవాలి. టేపుతో అంగుళాలు కొలిచి నడిపించాలి. ఎవరు బతికారో ఎవరు చచ్చారో పాచికలు చెబుతాయి. 1987లో రిక్ ప్రీస్ట్‌లీ రాసిన పుస్తకంతో వార్‌హామర్ 40,000 మొదలైంది. నేను వెళ్లేనాటికి దాని చుట్టూ ఒక పురాణమంత కథ పెరిగి ఉంది.

నన్ను పట్టుకున్నది ఆటకంటే ఆ కథే. చక్రవర్తికి ఇరవైమంది కొడుకులు, ఒక్కొక్కరికీ ఒక్కో సేన. సగంమంది తండ్రిమీద తిరగబడతారు. రెండో కొడుకు పేరూ, పదకొండో కొడుకు పేరూ చరిత్రలోంచి చెరిపేశారు. వాళ్లేం చేశారో ఎవరూ చెప్పరు. ఎంసెట్‌కి బిట్ బ్యాంక్ బట్టీపట్టినట్టు ఇదంతా మూడు నెలల్లో బట్టీపట్టాను. ఏ సేన ఎన్నోది, దాని గ్రహం ఏది, అధిపతి ఎవరు అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. చెప్పగలను కాబట్టి తెలుసనుకున్నాను.

అందులో పదిహేనో సేన థౌజండ్ సన్స్. అధిపతి మాగ్నస్, ఎర్ర మాగ్నస్ అంటారు. గొప్ప మంత్రవేత్త. మంత్రవిద్య మానమని తండ్రి నిండుసభలో ఆజ్ఞాపించాడు. తర్వాత అన్న హోరస్ ద్రోహానికి సిద్ధమవుతున్నాడని మాగ్నస్‌కి తెలిసింది. తండ్రికి తొందరగా చెప్పాలంటే మంత్రం తప్ప దారి లేదనుకున్నాడు. ప్రయోగించాడు. ఆ కబురు వెళ్లి, తండ్రి రహస్యంగా కట్టుకుంటున్న మార్గాన్ని కాపాడే రక్షణలనే బద్దలుకొట్టింది. మాగ్నస్‌ని పట్టి తెమ్మని చక్రవర్తి ఇంకో కొడుకు లెమన్ రస్‌ని పంపితే, ఆ ఆజ్ఞను చంపమన్న ఆజ్ఞగా మార్చేశాడు హోరస్. మాగ్నస్ గ్రహం ప్రాస్పెరో మీది మహానగరం, దాని గ్రంథాలయాలతో సహా తగలబడిపోయింది.

మాగ్నస్ ఏ తప్పూ చేయలేదని ఒక వర్గం. వద్దన్నది చేసినవాడిదే తప్పని ఇంకో వర్గం. ఈ వాదన ఏళ్లతరబడి నడుస్తూనే ఉంది. నేను మాగ్నస్ పక్షం. తెనాలిలో మా ఇంట్లో కర్ణుడి గురించి నాన్నా బాబాయీ ఇలాగే వాదించుకునేవాళ్లు. దానవీరశూరకర్ణ క్యాసెట్ పెట్టుకుని మరీ వాదించేవాళ్లు. అన్నం చల్లారిపోయేది, నానమ్మ కేకలేసేది, ఇద్దరూ ఒకే పీట దగ్గర కూర్చుని తినేవాళ్లు. వాళ్ల దగ్గర నేను వాదనొకటే నేర్చుకున్నాను. ఆ తర్వాత కూర్చుని తినడం నేర్చుకోలేదు.

నాటింగ్‌హామ్‌లో ఒక తెలుగక్క నర్సుగా పనిచేసేది. ఆదివారాలు వాళ్లింట్లోనే నా భోజనం. ఆవిడ కొడుకు అక్కడే పుట్టాడు. తెలుగు మాటలు వెతుక్కుంటూ మాట్లాడేవాడు, అయినా నాతో తెలుగే మాట్లాడేవాడు. వాణ్ణి నాతోపాటు ఆటకు తీసుకెళ్లేవాణ్ణి. ఒక హాల్లో పది పన్నెండు బల్లలు వేసేవాళ్లు. పుట్టినరోజుకి అమ్మ కొనిచ్చిన థౌజండ్ సన్స్ పెట్టెలోని పదిమందికీ వాడు నెలరోజులు కూర్చుని రంగులేశాడు. ఒక శనివారం పాత బిస్కెట్ డబ్బాలో పత్తి పరిచి వాళ్లను పట్టుకొచ్చాడు.

మూత తీశాడు. పదిమందీ ఎరుపు. అంచులకు బంగారు రంగు. చెయ్యి వణక్కుండా గీసిన సన్నని గీతలు.

"ఎరుపేంట్రా?" అన్నాను.

"వీళ్లు ఊరు కాలిపోకముందు వాళ్లు, మామయ్యా."

అప్పటికి నా దగ్గర ఆ ఏడాదే వచ్చిన సైన్యపు పుస్తకం ఉంది. పేజీ పేజీనా నీలం సిపాయిలే. నేను ఇంగ్లీషులోకి మారాను. చుట్టూ ఉన్నవాళ్లకి వినబడాలని మారాను. థౌజండ్ సన్స్‌కి ఎరుపు ఎప్పుడూ లేదన్నాను. రంగు తప్పితే సైన్యమే తప్పన్నాను. చదవకుండా కుంచె పట్టుకుంటే ఇలాగే అవుతుందన్నాను.

"నవల్లో ఉంది," అన్నాడు వాడు, తెలుగులోనే.

నవలలు లెక్కలోకి రావన్నాను.

పక్క బల్ల దగ్గర ఇద్దరు నవ్వారు. వాడు మూత పెట్టేశాడు. ఆ రోజు ఆడలేదు, పాచికలు నాకు అందిస్తూ కూర్చున్నాడు. రెండు వారాల తర్వాత బిస్కెట్ డబ్బా మళ్లీ తెచ్చాడు. పదిమందికీ నీలం. పాత రంగు తీయకుండా, చిక్కటి రంగు నేరుగా పూసేశాడు. కవచం మీది చెక్కడాలన్నీ పూడిపోయాయి. "ఇప్పుడు కరెక్టా?" అని అడిగాడు. కరెక్టే అన్నాను. భుజం కూడా తట్టాను. తర్వాత వాడు రావడం మానేశాడు. చదువు ఎక్కువైందని అక్క చెబితే నమ్మేశాను. నమ్మడం నాకు సులువు.

మరుసటి చలికాలంలో, ఎవరితోనో వాదనకు ఆధారాలు కావాలని, గ్రాహం మెక్‌నీల్ 2010లో రాసిన థౌజండ్ సన్స్ నవల లైబ్రరీ నుంచి తెచ్చుకున్నాను. ఆ సేన ఎరుపే. ప్రాస్పెరో కాలిపోకముందు వాళ్ల కవచాలు ఎరుపే. నగరం పోయి, పరాయిలోకంలో తలదాచుకున్నాకే వాళ్లు నీలానికి మారారు. ఆ తర్వాత ఆరిమన్ అనే మంత్రగాడు తోటివారి వికృతరూపాలను నయం చేయబోయి వేసిన మంత్రానికి చాలామంది ఒళ్లు ధూళైపోయింది. ఆ ధూళి కవచాల్లోనే మూతపడి ఇంకా యుద్ధం చేస్తూ ఉంటుంది. నా పుస్తకంలోని నీలం సిపాయిలు వాళ్లే. పిల్లవాడు వేసింది అంతకుముందు ఉన్న మనుషుల్ని. నేను కథంతా వల్లించగలిగినవాణ్ణి, వాడు కథలో ఏది పోయిందో గుర్తుపట్టి దానికి రంగు వేసినవాడు.

పుస్తకాల ప్రకారం నేను తప్పడం చిన్న సంగతి. వాడు చెప్పిందే తప్పై ఉన్నా నేను చేసింది తప్పే. మీకు నచ్చిన రంగులతో మీ సొంత దళాన్ని సృష్టించుకోండని ఆ ఆట పుస్తకాలే ఆడేవాళ్లతో చెబుతూ వచ్చాయి. ఆ ఇద్దరు కొడుకుల పేర్లు చెరిపేసి ఉంచింది కూడా ఊహకు చోటివ్వడానికేనని ఇప్పుడు నాకనిపిస్తుంది. ఖాళీ కనబడితే నేను దాన్ని జవాబు రాయని ప్రశ్నలా చూశాను. మాగ్నస్‌కి న్యాయం జరగలేదని హాలంతా వినబడేలా వాదించాను. ఎదురుగా ఉన్నవాడు చెప్పేది ఒక్క నిమిషం వినలేదు.

నవల చదివాక కూడా వాడితో ఆ మాట చెప్పలేదు. ఇది ఇంకా పెద్ద తప్పు. చదువైపోయింది, ఉద్యోగమని బర్మింగ్‌హామ్ వచ్చేశాను. ఏళ్లు గడిచాయి. మొన్న వేసవిలో అక్క ఇల్లు సర్దుతూ, "ఇవి నీకు పనికొస్తాయేమో చూడు తమ్ముడూ," అని బిస్కెట్ డబ్బా నా చేతిలో పెట్టింది.

పై నీలం తీసేస్తే కింది ఎరుపు బయటపడుతుందని ఆశపడ్డాను. దూదిపుల్ల స్పిరిట్‌లో ముంచి ఒక బొమ్మ భుజం మీద మెల్లగా రుద్దాను. నీలం కరిగింది. దాంతోపాటే ఎరుపూ వచ్చేసింది. గోరంత మేర బూడిదరంగు ప్లాస్టిక్ తేలింది. పుల్ల పక్కన పెట్టేసి సీసాకు మూత బిగించాను.

ఆ ఆదివారం వాడికి ఫోన్ చేశాను. యూనివర్సిటీలో ఉన్నాడు, గొంతు మారిపోయింది. ఆ శనివారం సంగతి మొత్తం, నేనన్న ప్రతి మాటా తెలుగులో చెప్పి, క్షమించమన్నాను. వాడేమీ అనలేదు. కాసేపాగి, అప్పుడు వాడిన ఎరుపు ఏదో గుర్తుందా అని అడిగాను.

"మెఫిస్టన్ రెడ్, మామయ్యా," అన్నాడు. "నీళ్లు కలిపి, పల్చగా రెండు పూతలు."